దుప్పటి తెర మీద ఆడిన ఆటలు

ఈ-180 అని రాసి ఉన్న వీడియో క్యాసెట్‌లో మూడు గంటల బొమ్మ పడుతుంది. బాస్కెట్‌బాల్ డాక్యుమెంటరీ ‘హూప్ డ్రీమ్స్’ నిడివి దాదాపు 170 నిమిషాలు. ఒక్క క్యాసెట్‌లో సినిమా అంతా సరిపోయి చివర ఇంకొంచెం టేపు మిగిలేది. ఒడిశా సరిహద్దున పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆటల డాక్యుమెంటరీలు చేతులు మారుతూ తిరిగిన రోజుల్లో ఇలాంటి లెక్కలు చూసేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. టేపు కలిసొస్తుందని సగం వేగంతో, అంటే ఎల్‌పీలో ఎక్కిస్తే అదే క్యాసెట్‌లో ఆరు గంటలు పట్టేది గానీ బొమ్మ మసకబారిపోయేది. బాస్కెట్‌బాల్ పెద్దది కాబట్టి ఎలాగో కనిపించేది. క్రికెట్ బంతి మాత్రం బౌలర్ చెయ్యి వదిలాక మళ్ళీ కీపర్ చేతిలోనే తేలేది.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన క్యాసెట్లతో ఇంకో చిక్కు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకి 30 ఫ్రేములు. మనది పాల్: 625 గీతలు, 25 ఫ్రేములు. రెండూ ఆడే మల్టీ సిస్టమ్ డెక్ (క్యాసెట్ ఆడించే యంత్రం) దొరక్కపోతే బొమ్మ నలుపు తెలుపులో వచ్చేది, పైగా కింద నుంచి పైకి దొర్లుతూనే ఉండేది. టీవీ వెనక ఉండే వర్టికల్ హోల్డ్ మర తిప్పితే దొర్లుడు ఆగేది. రంగు మాత్రం ఎంత తిప్పినా వచ్చేది కాదు.

వానాకాలం దాటితే బూజు బాధ. క్యాసెట్ పైన చిన్న ప్లాస్టిక్ కిటికీలోంచి చూస్తే, చుట్టిన టేపు అంచున తెల్లగా పిండి చల్లినట్టు కనిపించేది. తెలియక అది డెక్‌లో పెడితే ఆ పొడి వెళ్ళి టేపు మీది బొమ్మని చదివే హెడ్‌కి పట్టేసేది, తెరంతా మంచు కురిసినట్టయ్యేది. ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కీ అదే అంటుకునేది. అద్దెకి తిరిగే క్యాసెట్లలో ఒక్కదానికి బూజు పడితే వీధిలో నాలుగు డెక్కులు మూలపడేవి.

ఇంత తంటా పడి చూడటానికి ఆ సినిమాల్లో ఏముంది? ఆట ఫలితం ముందే తెలుసు. బాక్సర్ మహమ్మద్ అలీ గెలిచాడని తెలుసు, వెస్టిండీస్ గెలిచిందని తెలుసు. అయినా జనం కదలకుండా కూర్చునేవాళ్ళు. మంచి ఆటల డాక్యుమెంటరీకి ప్రాణం ఫలితంలో ఉండదు. ఇంకా ఎవరికీ ఏమీ తెలియని రోజున ఎవరో కెమెరా పట్టుకుని అక్కడ నిలబడి ఉంటారు, తీసింది పారేయకుండా దాచి ఉంటారు. ఆ ఓపికలో ఉంటుంది. కథ తర్వాత దొరుకుతుంది.

‘హూప్ డ్రీమ్స్’ సంగతే చూడండి. స్టీవ్ జేమ్స్ బృందం మొదట అనుకున్నది అరగంట సినిమా. షికాగోలో ఇద్దరు పధ్నాలుగేళ్ళ కుర్రాళ్ళు, విలియం గేట్స్, ఆర్థర్ ఏగీ. ఇద్దరికీ పెద్ద ఆటగాళ్ళు కావాలని కల. తీయడం మొదలుపెట్టాక ఆపలేక ఐదేళ్ళు తీశారు. దాదాపు 250 గంటల బొమ్మ పోగైంది. అందులోంచి మూడు గంటల లోపుకి కోసి 1994లో విడుదల చేశారు. మధ్యలో ఫీజు కట్టలేదని ఆర్థర్‌ని అతను చదివే ప్రైవేటు బడి పంపేసింది, విలియం మోకాలు దెబ్బతింది. అనుకున్న కథ కుప్పకూలిన చోటే అసలు కథ మొదలైంది. ఇందులో అందరి కళ్ళూ తడిపే ఘట్టంలో బంతే ఉండదు. ఆర్థర్ తల్లి నర్సింగ్ సహాయకురాలి కోర్సు రాస్తుంది. తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తనవేనని ఆ గదిలో చెప్పగానే ఆవిడ నిలబడ్డచోటే ఉప్పొంగిపోతుంది. కెమెరా ఎక్కడా దగ్గరికి దూకదు. అలా చూస్తూ ఉంటుంది, అంతే. ఇంటిల్లిపాదీ కలిసి చూసినప్పుడు బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని అమ్మలు, పిన్నులు కూడా ఆ ఘట్టం దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు.

లియాన్ గాస్ట్ తీసిన ‘వెన్ వుయ్ వర్ కింగ్స్’ది ఇంకా పెద్ద నిరీక్షణ. 1974లో జైర్ దేశం, కిన్షాసాలో అలీకీ జార్జ్ ఫోర్‌మన్‌కీ పోటీ. అనుకున్న తేదీ సెప్టెంబర్ 25. సాధనలో ఫోర్‌మన్ కంటి మీద చీలడంతో పోటీ అక్టోబర్ 30కి జరిగింది. దానితో పాటు పెట్టుకున్న సంగీతోత్సవం మాత్రం ముందు చెప్పిన రోజులకే అయిపోయింది. వాయిదా పడ్డ ఆ ఐదు వారాలే ఈ సినిమాకి వరం. అలీ వీధుల్లో జనంతో నడవడం, పిల్లలతో ఆటలాడటం, నది పక్కన పరిగెత్తడం తీరిగ్గా తీసుకునే వీలు కలిగింది. తీరా డబ్బు చిక్కులు వచ్చిపడ్డాయి. ఆ రీళ్ళు సినిమాగా బయటికొచ్చేసరికి 1996 అయింది, అంటే 22 ఏళ్ళు. ఆ పోటీని ఎదురుగా చూసిన రచయితల్ని ముసలితనంలో కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ మాటల్ని పాత బొమ్మ మీద పరిచారు. అలీ తాళ్ళకి ఆనుకుని దెబ్బలు కాసుకుంటూ ఏడు రౌండ్లు ఫోర్‌మన్‌ని అలసిపోనిచ్చి, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఏ దెబ్బ ఎందుకు తిన్నాడో ఆ మాటలు వింటే అర్థమవుతుంది. వట్టి పోటీ చూస్తే అర్థం కాదు. ఆస్కార్ కూడా వచ్చింది.

వీధి ప్రదర్శన అంటే అప్పట్లో 21 అంగుళాల టీవీని బల్ల మీద బల్ల వేసి ఎత్తు మీద పెట్టడమే. ప్రొజెక్టర్లు అద్దెకి దొరకడం మొదలయ్యాక తెల్ల దుప్పటి వచ్చింది. దుప్పటి కట్టడంలోనూ పని ఉంది. ఒంటి పొర గుడ్డలోంచి సగం వెలుగు వెనక్కి పోతుంది కాబట్టి రెండు పొరలు వేయాలి. పైన ఒక వెదురు, కింద ఒక వెదురు కుట్టి, కింది దానికి రెండు ఇటుకలు కడితే గాలికి ఎగరదు. నూరు అంగుళాల బొమ్మ కావాలంటే వెడల్పు ఏడడుగుల పావు, ఎత్తు నాలుగడుగులు. మామూలు ప్రొజెక్టర్‌ని దానికి పదకొండడుగుల దూరంలో పెట్టాలి. వేసవిలో ఏడు దాటితే గానీ చీకటి పడదు. తొందరపడి ముందే వేస్తే పాత నలుపు తెలుపు దృశ్యాలు అసలు కనిపించవు. ఆటల డాక్యుమెంటరీల్లో సగం అవే.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది వోల్టేజీ దగ్గర. కరెంటు పడిపోతే ప్రొజెక్టర్ ఆగిపోతుంది, దానితో పాటు లోపలి ఫ్యానూ ఆగుతుంది. ఆరిన దీపం మాత్రం ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది. అలా పదే పదే జరిగితే దీపం ఆయుష్షు తగ్గిపోతుంది. అందుకే జనరేటర్ ఉన్నా సరే, మధ్యలో ఒక యూపీఎస్ పెట్టి తీరాలి. ఆట ముగిశాక కూడా ఫ్యాన్ దానంతటది ఆగేదాకా ప్లగ్గు పీకకూడదు.

శబ్దం సంగతి చాలామంది పట్టించుకోరు గానీ డాక్యుమెంటరీకి అదే ప్రాణం. డీవీడీల్లో మాట్లాడే గొంతు నడిమి స్పీకర్‌కి వెళ్ళేలా పెడతారు. ఉన్నవి రెండు స్పీకర్లే అయి, ప్లేయర్‌ని 5.1 (ఆరు స్పీకర్ల అమరిక) మీదే వదిలేస్తే, స్టేడియం హోరు చెవులు బద్దలుకొడుతుంది, మాట మాత్రం వినిపించదు. డిస్క్ పాడైందని, నకిలీదని జనం తిట్టుకునేవాళ్ళు. సెట్టింగుల్లోకి వెళ్ళి స్టీరియోకి మారిస్తే చాలు, గొంతు తిరిగొచ్చేది. పెళ్ళి మైకుసెట్ వాళ్ళ గొట్టం స్పీకర్ మాత్రం వద్దు. అది పాటకి సరిపోతుంది, మాటని ముద్ద చేసేస్తుంది. రెండు పెట్టె స్పీకర్లు, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తున, బేస్ బాగా తగ్గించి పెట్టాలి.

ఇక చెప్పేవాడు. ఇంగ్లీషు సినిమా, చూసేవాళ్ళలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, రెండూ కలిపి మాట్లాడే గుంటలు. ఒకరు మైకు పట్టుకుని తెలుగులో చెబుతూ పోవాలి. బాగా చెప్పేవాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఇంటర్వ్యూలో మనిషి వాక్యం ముగించాక ఊపిరి తీసుకునే సందులో చెప్పేయడం. పాత కామెంటరీ మీద మాత్రం నోరెత్తకూడదు. ఆ గొంతులోని వణుకు, జనం హోరు అర్థం కాకపోయినా వినాల్సినవే. రిమోట్ ఇంకొకరి చేతిలో ఉండాలి. చెప్పేవాడే ఆపుతూ నడిపితే రెండు గంటల సినిమా మూడున్నర అవుతుంది, పిల్లలు నిద్రపోతారు.

ఇప్పుడు తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకునే వీలుంది. టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చితే ఒక్కోసారి అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి. ఆ టీవీలో తెలుగు ఫాంట్ ఉండదు, లేదా ఫైల్‌ని తెలుగు అక్షరాలు నిలిచే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచి ఉండరు. అక్షరాల్ని బొమ్మలోనే కలిపేసి కొత్త ఫైల్ చేసుకుంటే ఏ టీవీలోనైనా వస్తాయి. ఒకసారికి రెండు వరసలు మించకూడదు. తెలుగులో క్రియ చివర రావడం ఇక్కడ పెద్ద వరం. ‘చివరి బంతిని అతను గాల్లోకి ఎగిరి...’ అని మొదటి వరస వేసి, చెయ్యి బంతికి తగిలాక ‘వదిలేశాడు’ అని రెండోది వేయొచ్చు. మొత్తం ఒకేసారి వేస్తే కన్ను బొమ్మ కంటే ముందు ఫలితం చదివేస్తుంది. ఉత్కంఠంతా అక్కడే చస్తుంది.

మన వైపు వాళ్ళకి మరీ దగ్గరగా తగిలిన సినిమా ‘మారథాన్ బాయ్’. జెమ్మా అట్వాల్ ఐదేళ్ళపాటు తీసింది. పలాస నుంచి బరంపురం, ఖుర్దా రోడ్ మీదుగా పూరీకి రైలెక్కి జగన్నాథుడి దర్శనానికి వెళ్ళని తెలుగిల్లు మన సరిహద్దులో ఉండదు. పూరీ నుంచి భువనేశ్వర్‌కి బస్సులో వచ్చే ఆ రోడ్డే ఈ సినిమాలో ఉంది. 2006 మే 2న బుధియా సింగ్ అనే నాలుగేళ్ళ గుంటడు ఆ రోడ్డు మీద 65 కిలోమీటర్లు పరిగెత్తాడు. 7 గంటల 2 నిమిషాలు. లెక్క కట్టి చూస్తే కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు. పెద్దల మారథాన్ 42.195 కిలోమీటర్లే. దానికి ఇది ఒకటిన్నర రెట్లు.

ఆ లెక్క వింటే ముందు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. చివరికొచ్చేసరికి పసివాడి కాళ్ళు తేలిపోవడం, ఒళ్ళు స్వాధీనం తప్పడం చూశాక చేతులు ఆగిపోతాయి. చిన్నపిల్లల ఒళ్ళు ఎండని తట్టుకునే తీరు వేరు. పరిగెత్తేటప్పుడు బరువుతో పోలిస్తే వాళ్ళ ఒంట్లో పుట్టే వేడి పెద్దలకంటే ఎక్కువ, చెమట తక్కువ. బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉంటే చర్మం వేడిని వదలడం మాని తీసుకుంటుంది. దాహం వేస్తోందని పిల్లలు తమంతట తాము చెప్పరు కూడా. మే నెలలో ఒడిశా ఎండ ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఊళ్ళో పిల్లల్ని పరుగు సాధనకి తీసుకెళ్ళే అన్నలు ఈ ఘట్టాన్ని ఒకటికి రెండుసార్లు చూడాలి. తెల్లవారుజామునే పరిగెత్తించి, ఎండెక్కే లోపు ముగించి, ప్రతి పావుగంటకీ నాలుగు గుక్కల నీళ్ళు తాగించాలి. కళ్ళు తిరుగుతున్నాయన్నా, ఒళ్ళు గగుర్పొడిచి చలిగా ఉందన్నా అప్పటికప్పుడు ఆపి, నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డ చుట్టి విసరాలి.

బుధియా కోచ్ బిరంచి దాస్, భువనేశ్వర్‌లో జూడో నేర్పే మనిషి. ఆయన పిల్లాడిని దొరకబుచ్చుకుని పైకి తెచ్చాడంటారు కొందరు. పిల్లాడిని వాడుకున్నాడంటారు ఇంకొందరు. ఆ పరుగు తర్వాత ప్రభుత్వం అలాంటి దూరపు పరుగుల్ని ఆపేసింది, బుధియా తర్వాత స్పోర్ట్స్ హాస్టల్‌కి చేరాడు. 2008 ఏప్రిల్‌లో బిరంచి దాస్‌ని కాల్చి చంపారు. సినిమా ఎవరి పక్షమూ తీసుకోదు, మనల్నీ తీసుకోనివ్వదు. చూసొచ్చిన రాత్రి అరుగుల మీద కూర్చుని ఒంటిగంట దాకా వాదించుకోవడానికి ఇంతకంటే గట్టి సినిమా దొరకదు.

కెమెరా పక్కన ఉంటే ఆటగాడు మారిపోడా అనే ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది. ‘ఫ్రీ సోలో’ తీసినవాళ్ళని ఇదే వేధించింది. అలెక్స్ హానల్డ్ 2017 జూన్ 3న అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే నిట్టనిలువు కొండని, దాదాపు 3000 అడుగులు, తాడు లేకుండా 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. తీసేవాళ్ళలో ఒకరి చెయ్యి జారి ఒక గులకరాయి రాలినా అతని ప్రాణం పోతుంది. అందుకే అతి కష్టమైన చోట మనిషి లేకుండా, దూరం నుంచి నడిచే కెమెరాలు బిగించారు. కింద నిలబడి తీస్తున్న ఒక కెమెరామన్ చూడలేక మొహం తిప్పేసుకోవడం సినిమాలోనే ఉంది.

క్రికెట్‌కొస్తే ముందు చెప్పాల్సింది స్టీవన్ రైలీ తీసిన ‘ఫైర్ ఇన్ బాబిలోన్’, 2010. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ల కథ, చెప్పేది వెస్టిండీస్ ఆటగాళ్ళే. దీని వెనక మన పాత్ర కూడా ఉందని తెలిస్తే చూడటం ఇంకా రుచిగా ఉంటుంది. 1975-76లో లిల్లీ, థామ్సన్ దెబ్బకి క్లైవ్ లాయిడ్ జట్టు ఆస్ట్రేలియాలో 5-1తో ఓడింది. వెంటనే 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మనవాళ్ళు నాలుగో ఇన్నింగ్స్‌లో 406 కొట్టి గెలిచారు. ఆ టెస్టులో లాయిడ్ ముగ్గురు స్పిన్నర్లని ఆడించాడు. ఇక స్పిన్‌ని నమ్ముకోలేనని తేల్చుకున్నాడు. తర్వాతి టెస్టులో, కింగ్‌స్టన్‌లో, ఫాస్ట్ బౌలర్ల ధాటికి మనవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గాయపడితే, ఆడేవాళ్ళు లేక రెండో ఇన్నింగ్స్ 97 పరుగుల దగ్గర ముగిసిపోయింది. ఆ వేసవిలోనే ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ వెస్టిండీస్‌ని మోకాళ్ళ మీద దేకిస్తానన్న మాట టీవీలో అన్నాడు. ఓవల్‌లో రిచర్డ్స్ 291 కొట్టాడు. ప్రాణం లేని అదే పిచ్ మీద మైకేల్ హోల్డింగ్ 14 వికెట్లు తీశాడు. ఎక్కువ భాగం బౌల్డ్, ఎల్బీడబ్ల్యూలే. పిచ్ సాయం చేయనప్పుడు నేలకి కొట్టి లేపడం దండగ, గాల్లోనే వేగంగా, బ్యాట్ దగ్గర పడేలా, వికెట్ల మీదకే వేయాలి అన్న పాఠం కుర్ర బౌలర్లకి దీనికంటే బాగా ఇంకెక్కడా దొరకదు. హోల్డింగ్ పరుగెత్తుకొచ్చే దృశ్యాన్ని శబ్దం పూర్తిగా తీసేసి ఒకసారి చూడండి. తల కదలదు, మడమ నేలని తాకినట్టే ఉండదు.

2022లో నీరజ్ పాండే తీసిన ‘బందోం మే థా దమ్’ 2020-21 ఆస్ట్రేలియా పర్యటన మీద. అడిలైడ్‌లో 36కే ముగిసిన ఇన్నింగ్స్, బ్రిస్బేన్‌లో 328 ఛేదన, పంత్ 89 నాటౌట్ అందరికీ తెలుసు. తెలుగువాళ్ళం మాత్రం సిడ్నీ దగ్గర ఆగుతాం. కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగు తీయలేక, 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు. అవతల నడుము పట్టేసిన అశ్విన్, 128 బంతులకి 39. తండ్రి పోయాడన్న కబురు ఆస్ట్రేలియాలోనే విని, అక్కడే ఉండిపోయిన హైదరాబాద్ సిరాజ్ బ్రిస్బేన్‌లో 73 పరుగులకి 5 వికెట్లు తీశాడు. ఇవన్నీ ఆ రోజు అందరం టీవీలో చూసినవే. ఆడినవాళ్ళు పక్కన కూర్చుని చెబుతుంటే ఒక్కో బంతి బరువు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

అందుకే మన ఊళ్ళలో పాత క్యాసెట్ల మాట ఎత్తాల్సి వస్తోంది. సంక్రాంతి కబడ్డీ, వాలీబాల్ పోటీలని పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ చేత తీయించిన టేపులు ఎన్నో ఇళ్ళలో అటక మీద ఉన్నాయి. చాలావాటి మీద తర్వాత ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారు. వెన్ను మీది చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరగ్గొట్టకపోవడమే కారణం. ఇప్పుడు దొరికితే ముందు చేయాల్సింది ఆ ట్యాబ్ విరగ్గొట్టడం. బూజు ఉంటే డెక్‌లో పెట్టకుండా పొడి చోట నిలబెట్టి ఆరనివ్వాలి. ఎండలో వద్దు. కింద ఐదు మరలు ఉంటాయి, అవి విప్పితే పెట్టె తెరుచుకుంటుంది. బాగున్న పాత క్యాసెట్ పెట్టెలోకి టేపు చక్రాలు మార్చుకోవచ్చు. డెక్‌లో ముందు టేపుని చివరిదాకా ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పితే పట్టు సమానమవుతుంది. లోపలి రబ్బరు చక్రం గట్టిపడి మెరుస్తుంటే అది టేపు నమిలేస్తుంది, మార్చాలి. హెడ్ తుడవడానికి దూది పుల్ల వాడొద్దు, పోగులు చిక్కి హెడ్ విరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల కాగితం మడతని డ్రమ్ముకి ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. కాగితాన్ని కిందికీ మీదికీ రుద్దకూడదు.

గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి గంట పడుతుంది, అడ్డదారి లేదు. డీవీ ఫార్మాట్‌లో గంటకి 13 జీబీ చోటు కావాలి. బొమ్మని సెకనుకి 25 ఫ్రేములుగా కాకుండా 50గా విడదీస్తే కబడ్డీ కూతగాడి కదలిక తడబడకుండా వస్తుంది. ఫైల్ రెండు చోట్ల దాచి, క్యాసెట్ పారేయకుండా నిలబెట్టి ఉంచాలి. తర్వాత ఆ రోజు ఆడినవాళ్ళని ఇద్దరు ముగ్గురిని టీవీ ముందు కూర్చోబెట్టాలి. ఫోన్‌ని వాళ్ళ గుండె ఎత్తున స్టాండు మీద పెట్టి రికార్డు నొక్కి, బొమ్మ నడుస్తుండగా మాట్లాడనివ్వాలి. ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే అదే వినిపిస్తుంది. ఏ ఊరి జట్టు, ఏ సంవత్సరం, కూతకి వెళ్ళింది ఎవరు, ఆ పక్కన చొక్కా విప్పి గెంతుతున్నది ఎవరు అని ఒక్కొక్కరి పేరు అడిగి చెప్పించుకోవాలి.